సీ భాష ‘గెట్స్’ను ఎప్పుడో తీసేసింది.. మన ల్యాబుల్లోంచి పోయేదెప్పుడు?

రావులపాలెం: కోనసీమ ముఖద్వారం రావులపాలెం మీదుగా పొద్దున్నే కాలేజీ బస్సులు బారులు తీరతాయి. అమలాపురం, రాజమండ్రి, కాకినాడ, భీమవరం.. ఎటు వెళ్లే బస్సు ఎక్కినా అందులో ఇంజినీరింగ్, డిప్లొమా, బీఎస్సీ కంప్యూటర్స్ పిల్లలు కనిపిస్తారు. వీళ్లలో చాలామంది మొదట నేర్చుకునే కంప్యూటర్ భాష ‘సీ’. ‘యూజర్ పేరు అడిగి స్క్రీన్ మీద చూపించు’ అనే ప్రోగ్రాం రాయకుండా ఫస్టియర్ దాటినవాళ్లు ఉండరు. చాలా రికార్డు పుస్తకాల్లో ఆ పేరు తీసుకునే లైన్ ఒక్కటే.. గెట్స్.

విషయం ఏంటంటే, ఆ గెట్స్ ఇప్పుడు సీ భాషలో లేదు. ప్రమాదకరం అని 2011లోనే ప్రామాణికం నుంచి తొలగించారు. అంటే ఇప్పుడు ఫస్టియర్‌లో ఉన్నవాళ్లు పలకా బలపం పట్టే వయసులో పోయిన ఫంక్షన్ అది. అయినా పాత పుస్తకాల్లో ఉంది, పాత సాఫ్ట్‌వేర్‌లో ఉంది, అలవాటులో ఉంది. ఇంతకీ దాన్ని ఎందుకు తీసేశారు? తీసేయడానికి అంతకాలం ఎందుకు పట్టింది? దీనివల్ల మామూలు జనానికి వచ్చే నష్టం ఏంటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు గెట్స్‌లో తప్పేంటి?

కంప్యూటర్‌లో ఏదైనా దాచాలంటే ముందు మెమరీలో కొంత చోటు కేటాయించాలి. పేరు కోసం 20 అక్షరాల చోటు ఇచ్చాం అనుకోండి. గెట్స్ పని, కీబోర్డు నుంచి వచ్చింది తెచ్చి అందులో పెట్టడం. కానీ ఆ చోటు ఎంత ఉందో గెట్స్‌కి తెలీదు. చెప్పడానికి దారి కూడా లేదు. ఎంటర్ నొక్కేదాకా వచ్చినదంతా పెట్టుకుంటూ పోతుంది.

గోదావరి జిల్లాల్లో అన్నవరం స్వామి పేరు పెట్టుకున్న ఇళ్లకు లెక్కలేదు. వీర వెంకట సత్యనారాయణ అని ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే మధ్య ఖాళీలతో కలిపి 27 అక్షరాలు. చివర ‘ఇక్కడితో అయిపోయింది’ అని చెప్పే గుర్తు ఒకటి ఉంటుంది, దాంతో 28. చోటు 20కే ఉంది. మిగతా 8 ఎక్కడికి పోతాయి? పక్కనున్న మెమరీలోకి. అక్కడ అప్పటికే ఏదైనా ఉంటే దాన్ని తుడిచేసి మరీ కూర్చుంటాయి.

ఇది అర్థం కావాలంటే అరటి మార్కెట్ యార్డును ఊహించుకోండి. ఒక రైతుకి 20 గెలలు పెట్టుకునే చోటు ఇచ్చారు. ఆయన 28 దించాడు. ఆపేవాళ్లు లేరు. ఎనిమిది గెలలు పక్క చోటులోకి వెళ్లిపోయాయి. అక్కడ వేరే రైతు గెలలుంటే గొడవ అక్కడితో తీరుతుంది. కానీ ఆ పక్క చోటులో ‘ఈ లారీ తర్వాత ఎక్కడికి వెళ్లాలి’ అని రాసిన చీటీ ఉందనుకోండి. కావాలనే ఎక్కువ సరుకు దించి, ఆ చీటీ తీసేసి, తన ఇంటి అడ్రస్ రాసిన చీటీ పెడితే? డ్రైవర్‌కి అనుమానం రాదు. లారీ నేరుగా దొంగ ఇంటికే వెళ్తుంది.

కంప్యూటర్‌లో కూడా సరిగ్గా ఇదే జరుగుతుంది. ఒక ఫంక్షన్ పని పూర్తయ్యాక ప్రోగ్రాం ఎక్కడికి తిరిగి వెళ్లాలో చెప్పే అడ్రస్ కూడా అదే మెమరీలో, ఆ దగ్గర్లోనే ఉంటుంది. హద్దు దాటి దాన్ని మార్చగలిగితే ప్రోగ్రాం పగ్గాలు బయటివాడి చేతికి వెళ్తాయి. దీన్నే బఫర్ ఓవర్‌ఫ్లో అంటారు.

1988 నవంబర్ 2న ఏం జరిగింది?

ఇదేదో పుస్తకాల్లో ఉండే భయం కాదు. 1988 నవంబర్ 2న అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ విద్యార్థి రాబర్ట్ మోరిస్ ఒక ప్రోగ్రాంను ఇంటర్నెట్‌లోకి వదిలాడు. ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌లోకి తనంతట తానే పాకే పురుగు అది. అప్పటికి ఇంటర్నెట్‌లో ఉన్నవి సుమారు 60 వేల కంప్యూటర్లు. వాటిలో దాదాపు 6 వేలు దాని బారిన పడ్డాయని అప్పట్లో అంచనా వేశారు.

ఆ పురుగు లోపలికి దూరిన దారుల్లో ఒకటి ‘ఫింగర్’ అనే సర్వీస్. ఆ ప్రోగ్రాంలో 512 బైట్ల చోటు ఇచ్చి, వచ్చే సమాచారాన్ని గెట్స్‌తో తీసుకున్నారు. మోరిస్ పురుగు 536 బైట్లు పంపింది. ఎక్కువైన 24 బైట్లే లారీ చీటీని మార్చేశాయి. మోరిస్‌కి 1990లో మూడేళ్ల ప్రొబేషన్, 400 గంటల సమాజ సేవ, జరిమానా పడ్డాయి.

ఇక్కడో వింత ఉంది. ఈ ఘటన జరిగిన మరుసటి ఏడాదే, 1989లో, సీ భాషకు మొదటి అధికారిక ప్రామాణికం వచ్చింది. అందులో గెట్స్ ఉంది! 2007లో వచ్చిన సవరణ ‘దీన్ని వాడకండి, త్వరలో పోతుంది’ అని చెప్పింది. చివరికి 2011 డిసెంబర్‌లో వచ్చిన ప్రామాణికంలో పేరు లేకుండా పోయింది. పురుగు పాకిన రోజు నుంచి లెక్కేస్తే 23 ఏళ్లు.

మరి అంతకాలం ఎందుకు పట్టింది?

సమాధానం ఒక్కటే.. పాత ప్రోగ్రాంలు ఆగిపోకూడదు. సీ భాష 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ చేతుల్లో పుట్టింది. ఆ తర్వాత బ్యాంకులు, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు, ఫ్యాక్టరీ మిషన్లు.. అన్నింట్లో దానితో రాసిన కోడ్ చేరింది. రాసినవాళ్లు కొందరు రిటైర్ అయ్యారు, కొందరు లేరు. ఒక్క ఫంక్షన్‌ను రాత్రికి రాత్రి తీసేస్తే ఆ కోడ్ మళ్లీ కంపైల్ కాదు. సరిచేయడానికి ఖర్చు ఎవరు పెట్టాలి? ఈ ప్రశ్న దగ్గరే చాలా భాషలు ఏళ్ల తరబడి ఆగిపోతాయి.

దీనికి గోదావరి మీదే ఒక ఉదాహరణ ఉంది. రాజమండ్రిలో హేవలాక్ వంతెన మీద 1900 నుంచి రైళ్లు నడిచాయి. వంతెనకు వయసైపోయిందని తెలిసినా రేపటి నుంచి రైళ్లు ఆపేస్తామనలేదు. పక్కన ఆర్చ్ వంతెన కట్టారు. 1997లో హేవలాక్ వంతెనకు సెలవిచ్చారు. ముందు కొత్త దారి, తర్వాత పాత దారికి సెలవు. భాషల్లో కూడా మంచి పద్ధతి ఇదే. పాతదానికి బదులు వాడదగ్గది చూపించాలి. పాతది వాడితే హెచ్చరిక రావాలి. ఫలానా తేదీకి పోతుందని చెప్పాలి. చెప్పిన తేదీకి తీసేయాలి.

ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా కథ సాగుతుంది. కొన్ని చూడండి.

పైథాన్: పైథాన్ 2లో ‘ఇన్‌పుట్’ అనే ఫంక్షన్ ఉండేది. యూజర్ టైప్ చేసిన దాన్ని మామూలు మాటలా కాకుండా, ప్రోగ్రాంలో భాగంగా భావించి నడిపేసేది. అంటే వయసు అడిగిన చోట యూజర్ ఒక ఆదేశం టైప్ చేస్తే కంప్యూటర్ దాన్ని అమలు చేసేస్తుంది. 2008 డిసెంబర్‌లో వచ్చిన పైథాన్ 3లో దీన్ని మార్చారు. ఇప్పుడు ఇన్‌పుట్ అంటే టైప్ చేసిన అక్షరాలే, ఆదేశం కాదు. కానీ జనం పాతదాన్ని వదల్లేదు. 2015లో ముగియాల్సిన పైథాన్ 2.7 మద్దతును 2020 జనవరి 1 దాకా పొడిగించాల్సి వచ్చింది.

పీహెచ్‌పీ: చిన్న షాపుల నుంచి కాలేజీల దాకా ఎన్నో వెబ్‌సైట్లు నడిచేది దీనితోనే. డేటాబేస్‌తో మాట్లాడటానికి అందులో పాత ‘మైఎస్‌క్యూఎల్’ ఫంక్షన్లు ఉండేవి. ప్రశ్నను, యూజర్ ఇచ్చిన సమాచారాన్ని విడివిడిగా పంపే సౌకర్యం వాటిలో లేదు. రెండింటినీ ఒకే వాక్యంగా అతికించి పంపేవారు. దాంతో లాగిన్ పెట్టెలో పేరుకు బదులు డేటాబేస్ ఆదేశం రాసి లోపలికి దూరడం తేలికయ్యేది. 2013లో వాడొద్దని హెచ్చరిక పెట్టారు. 2015 డిసెంబర్‌లో వచ్చిన పీహెచ్‌పీ 7లో మొత్తం తీసేశారు. బదులుగా వాడాల్సినవి అంతకుముందే సిద్ధంగా ఉన్నాయి కాబట్టి రెండున్నరేళ్లలో పని అయింది.

జావా: నడుస్తున్న పనిని మధ్యలో బలవంతంగా ఆపే ‘థ్రెడ్ స్టాప్’ అనే పద్ధతి జావాలో ఉండేది. సగం రాసిన లెక్క సగంలోనే ఉండిపోయి డేటా పాడయ్యే ప్రమాదం ఉందని 1998లోనే వద్దన్నారు. అది పూర్తిగా పనిచేయడం మానేసింది 2023లో వచ్చిన జావా 20తో. అంటే పాతికేళ్లు.

హెచ్చరిక ఒక్కటే పెట్టి వదిలేస్తే ఎవరూ కదలరని ఈ తేదీలే చెప్తున్నాయి.

గెట్స్ ఒక్కటి పోతే సరిపోతుందా?

సరిపోదు. గెట్స్ ఆ కుటుంబంలో ఒక్కరు మాత్రమే. హద్దు చూడకుండా మెమరీని ముట్టుకునే దారులు సీ, సీ ప్లస్ ప్లస్ భాషల్లో ఇంకా చాలా ఉన్నాయి. పొడవు చూడకుండా ఒకచోటి అక్షరాలను ఇంకోచోట కాపీ చేసే ‘స్ట్రింగ్ కాపీ’ అందులో ఒకటి. వరసలో లేని గడిని చదవబోవడం ఇంకొకటి.

ఈ రెండోది ఏం చేయగలదో 2024 జులై 19న హైదరాబాద్ చూసింది. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో కంప్యూటర్లు నీలం రంగు స్క్రీన్‌తో నిలిచిపోయాయి. సిబ్బంది పెన్ను పట్టుకుని బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ చేతిరాత పాసు ఫొటో సోషల్ మీడియాలో ఎంత వైరల్ అయిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అదే సమయంలో ప్రపంచమంతటా ఎయిర్‌లైన్లు, ఆస్పత్రులు, బ్యాంకులు ఆగిపోయాయి. దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ప్రభావితం అయ్యాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది.

ఇది హ్యాకింగ్ కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన అప్‌డేట్‌లో తేడా. ఆ కంపెనీ తర్వాత విడుదల చేసిన నివేదిక ప్రకారం, కొత్త ఫైల్ 21 విలువలు ఉంటాయని అనుకుంది. ప్రోగ్రాం ఇచ్చింది 20. ఇరవై ఒకటో గడి కోసం వెతికి, తనది కాని మెమరీని చదవబోయింది. ఆ ప్రోగ్రాం విండోస్ లోపలి పొరలో నడుస్తుంది కాబట్టి కంప్యూటరే కుప్పకూలింది. విండోస్ లోపలి పొరల్లో పనిచేసే ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను ఎక్కువగా సీ, సీ ప్లస్ ప్లస్‌లోనే రాస్తారు. ‘అడిగిన గడి అసలు ఉందా?’ అని ముందే చూసే తనిఖీని ఆ తర్వాత కంపెనీ చేర్చింది. ఒక్క అంకె తేడా, అంత నష్టం.

అంటే భాషే మార్చేయాలా?

ఈ చర్చ ఇప్పుడు పెద్ద కంపెనీల్లో, ప్రభుత్వాల్లో గట్టిగా నడుస్తోంది. తమ ఉత్పత్తుల్లో ఏటా సరిచేసే భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీకి సంబంధించినవేనని మైక్రోసాఫ్ట్ ఇంజినీర్లు 2019లో చెప్పారు. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల 2024 మేలో ఉద్యోగులకు రాసిన లేఖలో, భద్రతకూ మరో పనికీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే భద్రతనే ఎంచుకోమన్నారు. అవసరమైతే పాత సిస్టమ్‌లకు మద్దతు కొనసాగించడం కన్నా అదే ముఖ్యమని స్పష్టం చేశారు.

అమెరికా ప్రభుత్వ సైబర్ సంస్థలు కూడా సీ, సీ ప్లస్ ప్లస్‌లో కొత్త ఉత్పత్తులు మొదలుపెట్టడం మంచి పద్ధతి కాదని 2024 అక్టోబర్‌లో చెప్పాయి. పాత ఉత్పత్తులకైతే మెమరీ లోపాలు తగ్గించే ప్రణాళికను 2026 జనవరి 1లోగా ప్రకటించాలని కంపెనీలకు సూచించాయి.

అంటే కోట్ల లైన్ల పాత కోడ్ మొత్తం చెరిపి రాయాలా? అక్కర్లేదని ఆండ్రాయిడ్ అనుభవం చెప్తోంది. మీ చేతిలోని ఫోన్‌లో నడిచేది బహుశా ఇదే. గూగుల్ పాత కోడ్‌ను అలాగే ఉంచి, కొత్తగా రాసే కోడ్‌ను రస్ట్, కోట్లిన్ లాంటి హద్దు చూసే భాషల్లోకి మార్చుకుంటూ వచ్చింది. ఆండ్రాయిడ్ భద్రతా లోపాల్లో మెమరీ లోపాల వాటా 2019లో 76 శాతం. 2024 నాటికి 24 శాతం. పాత కోడ్‌లో తప్పులు వాడేకొద్దీ బయటపడి సరవుతుంటాయి. కొత్త తప్పులు పుట్టకుండా ఆపితే చాలు, మొత్తం లెక్క దానంతట అదే తగ్గుతుంది.

సీని పూర్తిగా వదిలేయాలని దీని అర్థం కాదు. మెమరీ ఎలా పనిచేస్తుందో విద్యార్థికి కళ్లకు కట్టేది ఇప్పటికీ అదే. లైనక్స్ కెర్నల్‌లో ఎక్కువ భాగం సీనే. కానీ 2022 డిసెంబర్‌లో వచ్చిన 6.1 వెర్షన్ నుంచి అందులో కూడా రస్ట్‌కు చోటిచ్చారు.

టర్బో సీ దగ్గర ఆగిపోయిన ల్యాబులు

ఇక మన దగ్గరికి వద్దాం. తెలుగు రాష్ట్రాల్లో సీ నేర్చుకున్న చాలామందికి ఆ నీలం రంగు స్క్రీన్ గుర్తుంటుంది. అదే టర్బో సీ. బోర్లాండ్ కంపెనీ డాస్ కాలంలో తెచ్చిన సాఫ్ట్‌వేర్ అది. ఇప్పటి 64 బిట్ విండోస్‌లో నేరుగా నడవదు. డాస్‌బాక్స్ అనే ఇంకో ప్రోగ్రాం పెట్టి, అందులో దీన్ని నడుపుతారు. క్లియర్ స్క్రీన్ కోసం రాసే ‘సీఎల్ఆర్ఎస్‌సీఆర్’, చివర్లో స్క్రీన్ ఆగడానికి రాసే ‘గెట్ సీహెచ్’.. ఇవేవీ సీ ప్రామాణికంలో లేవు, ఎప్పుడూ లేవు. ఆ రోజుల కంపైలర్లతో వచ్చిన అదనపు హంగులు.

అసలు చిక్కు అది కాదు. ఆ కంపైలర్ తయారయ్యే నాటికి 2011 ప్రామాణికం పుట్టలేదు. కాబట్టి గెట్స్ రాస్తే కిక్కురుమనదు. ఇప్పటి జీసీసీలో అదే ప్రోగ్రాం రాస్తే ‘ఇది ప్రమాదకరం, వాడకూడదు’ అని హెచ్చరిక కనిపిస్తుంది. అంటే భాష తన పని తాను చేసింది, హెచ్చరిక కూడా పెట్టింది. దాన్ని చూపించే స్క్రీన్ మాత్రం చాలామంది పిల్లల ముందు లేదు.

టర్బో సీతో చెప్పే లెక్చరర్లను తప్పుపట్టడం తేలికే. వాళ్ల ఇబ్బంది కూడా చూడాలి. పాత సిస్టమ్‌లు, మారని రికార్డు ప్రోగ్రాంలు, ఎక్స్‌టర్నల్ పరీక్షలో అడిగే అవే ప్రశ్నలు.. వీటి మధ్య ఒక్కరు మారితే సరిపోదు. ప్రామాణికం మారాక పుస్తకం, ల్యాబ్ మాన్యువల్, ప్రశ్నపత్రం కూడా మారాలి. అప్పుడే ఒక ఫీచర్ నిజంగా రిటైర్ అయినట్టు.

విద్యార్థులు ఇప్పుడే ఏం చేయొచ్చు?

సిలబస్ మారేదాకా ఆగక్కర్లేదు. ఖర్చు లేకుండా చేసుకోగలిగినవి ఇవి:

1. గెట్స్ బదులు ‘ఎఫ్‌గెట్స్’ వాడండి. దానికి చోటు ఎంత ఉందో ముందే చెప్పాలి. 20 అని చెప్తే 19 అక్షరాలు తీసుకుని, ఇరవయ్యో చోట ముగింపు గుర్తు పెట్టి ఆగుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి.. చోటు ఉంటే మీరు నొక్కిన ఎంటర్‌ను కూడా ఇది చివర్లో ఉంచేస్తుంది, దాన్ని తీసేయాలి. ‘అవుట్‌పుట్‌లో లైన్ ఎందుకు మారుతోంది?’ అని చాలామంది తికమకపడేది ఇక్కడే.

2. ‘స్కాన్ఎఫ్’తో పేరు తీసుకుంటే ప్రమాదం పోయిందనుకోకండి. పర్సెంట్ ఎస్ అని మాత్రమే రాస్తే అదీ హద్దు చూడదు. మధ్యలో అంకె వేయాలి. 20 అక్షరాల చోటుకు 19 అని.

3. జీసీసీ లేదా క్లాంగ్ కంపైలర్ వాడండి. రెండూ ఉచితం. ఫోన్ మాత్రమే ఉన్నవాళ్లు బ్రౌజర్‌లో నడిచే ఆన్‌లైన్ కంపైలర్లు వాడుకోవచ్చు.

4. చాలా హెచ్చరికలను చూపించే ‘వాల్’ ఆప్షన్ పెట్టి కంపైల్ చేయండి. ప్రోగ్రాం నడిచింది కదా అని హెచ్చరికను వదిలేయకండి. ‘అడ్రస్ శానిటైజర్’ అనే సదుపాయం ఆన్ చేస్తే, హద్దు ఏ లైన్ దగ్గర దాటారో వేలు పెట్టి చూపిస్తుంది.

5. పరీక్షలో పాత పద్ధతే రాయాల్సి వస్తే రాయండి. కానీ ఇంటర్వ్యూలో, ప్రాజెక్టులో, ఉద్యోగంలో అది రాయకండి. అక్కడ ‘గెట్స్ ఎందుకు వాడకూడదు?’ అన్నదే ప్రశ్న అవుతుంది.

లెక్చరర్లు చేయగలిగింది కూడా ఒకటుంది. ల్యాబ్‌లో మొదటి రోజే 20 అక్షరాల చోటు పెట్టి, వీర వెంకట సత్యనారాయణ అని టైప్ చేయించండి. ప్రోగ్రాం ఏమవుతుందో పిల్లల్నే చూడనివ్వండి. తర్వాత అదే పేరును ఎఫ్‌గెట్స్‌తో తీసుకోమనండి. పది నిమిషాల పని. ఆ పిల్లల్లో ఎవరో ఒకరు రేపు ఆస్పత్రికో, బ్యాంకుకో సాఫ్ట్‌వేర్ రాస్తారు. ఈ ఊళ్లోని అమ్మానాన్నల ఖాతాలు, రిపోర్టులు ఉండేది అందులోనే.